చంద్రగిరి దిగేవాళ్ళు

పదకొండేళ్ళుగా మా దాక్షాయణి రోజుకు నాలుగుసార్లు
ఈ ఊరి పేరు అరస్తా ఉండాది.
డోరు కమ్మీ పట్టుకొని, విజిలు తాడు వేలికి చుట్టుకొని
"చంద్రగిరి, చంద్రగిరి దిగేవాళ్ళు రాండి!"
తను మాత్రం ఒక్కసారీ దిగలా.

పద్దెనిమిదో పెండ్లిరోజు, యాడికన్నా పోదామా అంటే
ఊటీ అనలేదు, మైసూరు అనలేదు.
"నేను దింపినోళ్ళంతా ఆడ ఏం చూస్తారో
అది చూడాల" అనింది.

శుక్రవారం. తనకు ఆఫ్.
గ్రైండర్ల షాపుకు నేనే తాళం వేసినా.
గంట్లు కొట్టాల్సిన రాళ్ళు ఇంకా మూడుండాయి,
ఉండనీ.
ఖాకీ లేకుండా మామిడిచిగురు రంగు చీరలో
సీట్లో కుదురుగా కూర్చోను చాతగాక
చిత్తూరు నుంచీ తలకాయలు లెక్కపెట్టింది.
"నలభై ఆరు" నా చెవిలో.
"ఇద్దురు టికెట్టు తీసుకోలా."

కోట గేటు కాడ బోర్డు:
శుక్రవారం మ్యూజియం సెలవు.

నాకు నవ్వొచ్చింది. తనకు రాలా.
కాపలా ఆయన బీడీ ఆర్పి "రేపు రాండమ్మా" అన్నాడు.
"రేపు నాలుగున్నరకు నా ఫస్ట్ ట్రిప్పు సార్" అని
ఆయన్నేదో తప్పు పట్టుకున్నట్టు చెప్పి
రాజమహల్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.
వెనకాల నేను, చిత్రాన్నం క్యారియరు.

నా కండ్లకు రాయి తప్ప ఏమీ కనపడదు.
కింది వరసలో ఉలి గంట్లు
కొన్ని నిటారుగా, కొన్ని వాలుగా.
"ఈ రాయి కొట్టినోడు నా మాదిరే, ఎడమ చేతోడు" అన్నా.
నమ్మలా. దగ్గరికొచ్చి గంటులో బొటనవేలు పెట్టింది.
టికెట్టు మిషను నొక్కీ నొక్కీ
కాయకాసిన వేలు
సరిగ్గా పట్టింది.

"వానికి కూలి ఎంత ఇచ్చింటారో."
"రాజు కదా, బాగానే ఇచ్చింటాడు."
"చిల్లర లేదు, దిగేటప్పుడు తీసుకో అని
టికెట్టు వెనక రాసిచ్చింటాడు" అని
అప్పుడు నవ్వింది. పొద్దున్నుంచీ మొదటిసారి.

కొంచెం ఎడంగా రాణి మహలు.
"ఒక మొగుడూ పెండ్లానికి రెండు ఇండ్లా?"
ఈడి నుంచి ఆడికి అడుగులు లెక్కపెడతా పోయింది,
మధ్యలో ఎవరో పసిబిడ్డ అడ్డమొచ్చి లెక్క తప్పింది.
నేనేమీ అనలా.
తనకు నైట్ హాల్టు పడిన రోజుల్లో
మా మంచం మీద ఆ పక్క దుప్పటి
మడత నలగకుండా ఉంటాది.
దాన్ని లెక్కపెట్టే అడుగులు నా కాడ లేవు.

చెట్టు కింద తింటా ఉంటే
కోతి వచ్చి మైసూరుపాకు పొట్లం ఎత్తకపోయింది.
గోడ మీద కూర్చొని మా పెండ్లిరోజు
ముక్క ముక్కా తినింది.
"పోనీలే, చుట్టాలొచ్చినారు" అనింది దాక్షాయణి.

సాయంత్రం లైట్ల ఆట ఉందంట, రాజుల కత చెబుతారంట.
ఉండలేకపోతిమి. నాలుగున్నర ట్రిప్పు.

బస్సులో కండక్టరు తన డిపో పిల్లే.
"అక్కా, నువ్వా?" అని సిగ్గుపడింది.
వంద కాగితం తీసి "రెండు చిత్తూరు" అన్నా గట్టిగా.
పద్దెనిమిదేళ్ళకు నా పెండ్లానికి నేను టికెట్టు కొనడం ఇదే.
"ఆడోళ్ళకు సున్నా టికెట్టు కదన్నా" అనింది ఆ పిల్ల,
నా ఒక్కనికే కొట్టి.
ఆ సున్నా టికెట్టును జేబులో పెట్టుకున్నా,
ఎందుకో తెలీదు.

పనపాకం దాటకముందే నా భుజం మీద నిద్రపోయింది.
నేండ్రగుంట పోయింది. గాదంకి పోయింది.
చీకట్లో బస్సు ఒక కుదుపు కుదిపితే
కండ్లు మూసుకునే, స్పష్టంగా,
"పూతలపట్టు దిగేవాళ్ళు రాండి" అనింది.

వెనక సీట్లో ముసలాయన ఒకడు
సంచి సర్దుకొని లేచి నిలబడినాడు.